ఉత్తర తెలంగాణ స్త్రీలు: పోరులో, సమాజంలో, కథలో

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో, ముఖ్యంగా వేములవాడ చుట్టుపక్కల, యుద్ధాలూ పోరాటాలూ స్త్రీల బతుకును ఎట్లా మార్చాయి, వాటిని కావ్యాలూ నవలలూ ఎట్లా చెప్పాయి అన్నది ఈ వ్యాస విషయం. పదో శతాబ్దం నుంచి ఇప్పటిదాకా ఇక్కడ ఒక తీరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆపద వచ్చినప్పుడు ఆడవాళ్లను ముందుకు పిలిచిన సమాజమే, ఆపద తీరాక వాళ్లకు పాత చోటు చూపించింది. కథలు కూడా చాలాకాలం ఆ దారినే నడిచాయి.

పంపడి ద్రౌపది

వేములవాడ చాళుక్య రాజు రెండవ అరికేసరి ఆస్థానంలో పంప మహాకవి 941 ప్రాంతంలో కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ రాశాడు. పంపడి తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద వేయించిన శాసనంలో తెలుగు కంద పద్యాలు ఉన్నందువల్ల ఈ కుటుంబం మనకు బాగా తెలుసు. కానీ పంపడు స్త్రీ పాత్రలకు చేసిన మార్పు గురించి తెలుగులో మాట్లాడుకున్నది తక్కువే. తన రాజును అర్జునుడితో పోల్చదలచిన కవి, భారత కథను అర్జునుడి చుట్టూ తిప్పాడు. అందుకే ఇక్కడ ద్రౌపది ఐదుగురికి కాదు, అర్జునుడొక్కడికే భార్య. సభలో అవమానం ఆమెదే, విరబోసుకున్న జుట్టు ఆమెదే, ఆ పగ తీర్చి ఆ జుట్టు ముడిచేది మాత్రం భీముడు. యుద్ధం ముగిశాక అర్జునుడికి పట్టాభిషేకం జరుగుతుంది. అప్పుడు పక్కన రాణిగా కూర్చునేది సుభద్ర. యుద్ధానికి కారణం చేసి చూపిన స్త్రీని, గెలుపు నాటికి కావ్యం పక్కకు జరిపింది. రాజును మెప్పించడానికి చేసిన ఈ మార్పులో వేములవాడ ఆస్థానం స్త్రీని చూసిన చూపు దాగి ఉంది.

కత్తి పట్టిన రాణి, దేవత అయిన తల్లి

పదమూడో శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన కాకతీయ రాణి రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా, మగపేరుతో కనిపిస్తుంది. రాజ్యం చెయ్యడానికి ఆడది కూడా మగపేరు పెట్టుకోవాల్సి వచ్చిన కాలం అది. ఆమె మరణాన్ని తెలిపే చందుపట్ల శాసనం 1289 నాటిది.

ఈ ప్రాంతపు జనం గుండెల్లో అంతకన్నా పెద్ద చోటు సమ్మక్కది. జగిత్యాల దగ్గరి పొలవాస దొర మేడరాజుకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ దొరికిన పసిబిడ్డ సమ్మక్క అని కోయల ఐతిహ్యం. మేడారం ఏలిక పగిడిద్దరాజును పెళ్లాడింది. కరువు వచ్చి కప్పం కట్టలేకపోతే కాకతీయ సేన దండెత్తి వచ్చింది. భర్త, బిడ్డ సారక్క, అల్లుడు గోవిందరాజు నేలకొరిగారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో పడి ప్రాణం విడిచాడు. ఆ వాగు ఇప్పుడు జంపన్న వాగు. చివరిదాకా పోరాడిన సమ్మక్క గాయాలతో చిలకలగుట్ట వైపు నడిచి కనుమరుగైందని, ఆమె కోసం వెతికిన వారికి అక్కడ కుంకుమ భరిణ దొరికిందని చెప్తారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే జాతరకు కోయ పూజారులు ఆ గుట్ట నుంచే అమ్మను గద్దెకు తెస్తారు. మేడారం పోయే ముందు వేములవాడ రాజన్నను దర్శించుకోవడం ఆనవాయితీ కాబట్టి, జాతర ఏడాది వేములవాడ గుడి కోనేరు ధర్మగుండం చుట్టూ కాలు పెట్టే సందుండదు. కావ్యం పక్కన పెట్టినట్టు జనం తమ వీరవనితను పక్కన పెట్టలేదు.

మహిళా సభల నుంచి సాయుధ పోరాటం దాకా

నిజాం రాజ్యంలో ఆంధ్ర మహాసభలతో పాటే మహిళా సభలు కూడా జరిగేవి. 1930లో జోగిపేటలో మొదటి మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ, 1935లో వేములవాడ పక్కనే ఉన్న సిరిసిల్లలో జరిగిన సభకు మాడపాటి మాణిక్యమ్మ అధ్యక్షత వహించారు. ఆడపిల్లల చదువు, బాల్యవివాహాలు, వితంతు వివాహం అక్కడి చర్చలు. 1937 నిజామాబాద్ సభకు అధ్యక్షురాలైన నందగిరి ఇందిరాదేవి కథా రచయిత్రి కూడా. చదువుకున్న కుటుంబాల స్త్రీలు తెరిచిన ఆ తలుపు నుంచి పదేళ్లలో కూలి తల్లులు బయటికి వచ్చారు.

1946 నుంచి 1951 దాకా కమ్యూనిస్టుల నాయకత్వంలో సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు చెయ్యని పని లేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల పాలు కానివ్వలేదు. మల్లు స్వరాజ్యం రాజక్క పేరుతో దళంలో తుపాకీ పట్టింది, ఆమె తలకు ప్రభుత్వం పదివేల రూపాయల వెల కట్టింది. పేరు రాని వాళ్లు వేలమంది. దళాలకు అన్నం మోశారు, కబుర్లు చేరవేశారు, కారంపొడి, రోకలి, వడిసెల పట్టుకొని ఊళ్లకు కాపలా కాశారు. నిజాం కొమ్ముకాసిన రజాకార్ల చేతిలోనూ, 1948 సెప్టెంబరు తరువాత వచ్చిన భారత సైన్యం చేతిలోనూ దెబ్బలు, అత్యాచారాలు భరించారు. కరీంనగర్ జిల్లా పోరాటం అనగానే గాలిపల్లి బద్దం ఎల్లారెడ్డి, 1948 మార్చి 14న మహ్మదాపూర్ గుట్టల్లో నేలకొరిగిన అనభేరి ప్రభాకరరావు గుర్తొస్తారు. గుర్తు రావాల్సిందే. కానీ ఆ దళాలకు సద్దికట్టి పంపిన ఇళ్లలో పొయ్యి ముందున్నది ఎవరు?

1951 అక్టోబరులో పోరాటం విరమించాక అజ్ఞాతం నుంచి తిరిగొచ్చిన స్త్రీలలో చాలామందికి దొరికిన సలహా ఇంటికి పోయి సంసారం చూసుకొమ్మని. ఆరుట్ల కమలాదేవి 1952లో ఆలేరు నుంచి శాసనసభకు వెళ్లగలిగింది. మల్లు స్వరాజ్యం తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లేసరికి 1978 వచ్చింది. మిగతావాళ్లు మళ్లీ పొలానికీ పొయ్యికీ మళ్లారు. ఇది తెలంగాణకే ప్రత్యేకం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధ కర్మాగారాలు నడిపిన బ్రిటిష్ స్త్రీల ఉద్యోగాలను 1919లో చట్టం చేసి మరీ మగవాళ్లకు తిరిగి అప్పగించారు.

ఆలస్యంగా వచ్చిన పుస్తకం

సాయుధ పోరాటపు స్త్రీలు స్వయంగా మాట్లాడిన పుస్తకం ‘మనకు తెలియని మన చరిత్ర’. స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఊరూరా తిరిగి రికార్డు చేసిన మాటలు 1986లో అచ్చయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన సోవియట్ స్త్రీల మాటలతో స్వెత్లానా అలెక్సీవిచ్ చేసిన పుస్తకం అంతకు ముందేడాది వచ్చింది. రెండు దేశాల్లో ఒకే పని జరిగింది. దళంతో ఉండటానికి పసిబిడ్డను అడవిలో వేరొకరి చేతిలో పెట్టిన తల్లి మాట, పోరాటం ఆగాక దిక్కుతోచక మిగిలిపోయిన యువతి మాట తెలుగులో మొదటిసారి వారి నోటితోనే వినిపించాయి. కమ్యూనిస్టు పార్టీ చరిత్రలలో త్యాగం ఉంది, ఈ దుఃఖం లేదు. ఆ లోటు తీర్చిన పుస్తకంగా దీని విలువ చాలా పెద్దది.

నవల అంతకు ముందే మొదలైంది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ 1955లో వచ్చింది. ఆయన పోయాక 1965లో వెలువడిన అసంపూర్ణ నవలకు ఒక స్త్రీ పేరే, ‘గంగు’. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969) దొరల గడీల్లో ఆడబాపల బతుకును బయటపెట్టింది. దొర బిడ్డ అత్తారింటికి పోతుంటే వెంట పంపే ఆ అమ్మాయిలకు పెళ్లి లేదు, ఇల్లు లేదు. ఈ నవలలు ఎంతో మేలు చేశాయి. అయినా వాటిలో స్త్రీ ఎక్కువగా బాధితురాలు, విముక్తి తెచ్చేది మగవాడు. తుపాకీ పట్టిన స్వరాజ్యం లాంటి మనిషి కథకు కేంద్రం కావడానికి తెలుగు నవల చాలా తటపటాయించింది.

జగిత్యాల తరువాత

1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర పేరుతో రైతుకూలీల ఊరేగింపు జరిగింది. వెట్టి, దండుగలు, బంజరు భూములు, కూలి రేట్ల మీద రైతుకూలీ సంఘాలు కదిలాయి. ఊళ్లు దొరలను సాంఘికంగా బహిష్కరిస్తే, గడీ పని మానేసిన వాళ్లలో ఆడవాళ్లు ఎందరో. అదే ఏడాది అక్టోబరు 20న జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వేములవాడ అప్పుడు సిరిసిల్ల తాలూకాలోదే. ఈ కాలాన్ని మంథని ప్రాంతపు రచయిత అల్లం రాజయ్య కథలుగా, నవలలుగా రాశారు. ఆయన ఊళ్లలోని ఆడవాళ్లు కూలి గురించీ, భూమి గురించీ తమ మాటే మాట్లాడతారు. పోలీసుల, నక్సలైట్ల తుపాకుల మధ్య ఇరువైపులా కొడుకులను పోగొట్టుకున్న తల్లులదీ ఈ నేలే.

ఆ తరువాత మగవాళ్లను ఊళ్ల నుంచి తీసుకుపోయింది యుద్ధం కాదు, దుబాయి. గల్ఫ్‌కు పోయిన భర్త పంపే డబ్బు వచ్చినా రాకున్నా ఇల్లు నడిపింది చాట ఒళ్లో పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టిన భార్య. అప్పు తెచ్చింది ఆమె, పొలం కౌలుకిచ్చింది ఆమె, బిడ్డ పెళ్లి చేసింది ఆమె. ఈ ఒంటరి సంసారాల మీద ఇంకా రావాల్సినంత కథ రాలేదు. వాళ్ల పాట మాత్రం ఉంది: బతుకమ్మ చుట్టూ తిరిగి పాడే ఉయ్యాల పాటలో కరువూ, పోరాటమూ, దూరమైన మనుషులూ అన్నీ వచ్చి చేరాయి.

జగిత్యాల యాత్రలో నడిచిన యువతులు ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డారు. సాయుధ పోరాటపు స్త్రీల మాటలు పోగుచేయడానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది, వీళ్ల విషయంలో ఆ ఆలస్యం ఇప్పటికే దాటిపోయింది. సిరిసిల్ల, జగిత్యాల, మంథని ఊళ్లలో చదువుకున్న పిల్లలు, ఉపాధ్యాయులు తమ ఇంటి పెద్దమ్మలను కూర్చోబెట్టి, వాళ్ల యాసలోనే, వాళ్ల మాటలను ఇప్పుడే రికార్డు చేసి పెట్టాలి.