ఒక వారపు అమ్మకము, ఒక దశాబ్దపు అమ్మకము

2000 మార్చి 21వ తేదీన ఎన్‌సింక్ అను అయిదుగురు యువకుల గాయక బృందము ‘నో స్ట్రింగ్స్ అటాచ్డ్’ అను పాటల ఆల్బమును అమెరికాలో విడుదల చేసినది. ఆ ఒక్క దేశమందే మొదటి వారమున 24 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవి. అంతకు పది నెలల క్రిందట బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ వారి ‘మిలీనియం’ తొలి వారము 11 లక్షలు దాటినందుకే అందరు అబ్బురపడిరి. ఏడాదియైన నిండకమునుపే ఆ లెక్క రెట్టింపును మించినది.

ఈ లెక్క ఎట్లు వచ్చినదో కొంచెము విచారింతము. 1991కి పూర్వము బిల్‌బోర్డ్ పత్రికవారు అంగళ్లవారిని అడిగి, వారు చెప్పిన మాటను బట్టి పట్టిక కట్టెడివారు. చెప్పువాని అభిరుచియు, కంపెనీ మనుష్యుల స్నేహమును అందులో చేరకుండునా? ఆ సంవత్సరము మే నెలనుండి సౌండ్‌స్కాన్ పద్ధతి వచ్చి, బార్‌కోడు ద్వారా నమోదైన అమ్మకములనే ఆధారము చేసికొనిరి. కావున 24 లక్షలన్నది ఊహ కాదు.

అయితే కొన్నవారందరు ఆల్బమునే కోరిరా? ఇక్కడనే మాకు సందేహము. ఆనాడు కంపెనీలు పేరుపొందిన పాటను విడిగా అమ్మక, ఆల్బములోనే ఉంచుట తరచు జరిగెడిది. ‘మిలీనియం’లోని ‘ఐ వాంట్ ఇట్ దట్ వే’ అమెరికాలో విడి డిస్కుగా దొరకలేదు. ఒక్క పాట కావలసినవాడు పండ్రెండింటికి వెల చెల్లింపవలెను. ఆ వెలయైనను స్వేచ్ఛగా ఏర్పడినది కాదు. అయిదు పెద్ద కంపెనీలు ధర తగ్గించి ప్రకటింపకుండ అంగళ్లవారిని కట్టడి చేసినవని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపింపగా, 2000 మే నెలలో అవి ఆ పద్ధతిని మానుటకు ఒప్పుకొన్నవి.

ఆ కట్టను విప్పినది 1999 జూన్‌లో పుట్టిన నాప్‌స్టర్. కోరిన పాట ఒక్కటియే, అదియు వెల లేకుండ! న్యాయస్థానపు ఉత్తరువుల ఫలితముగ 2001 జూలైలో అది మూతపడినను, 2003 ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ ఒక్కొక్క పాటను 99 సెంట్లకు అమ్మసాగినది. అమెరికాలో 2000 సంవత్సరమున 78 కోట్లు దాటిన ఆల్బముల అమ్మకము మరల ఆ మేరకు చేరలేదు. ఎన్‌సింక్ వారి వారపు లెక్క మాత్రము 2015లో అడేల్ పాడిన ‘25’ వచ్చువరకు చెక్కుచెదరలేదు.

దశాబ్దపు లెక్క వేరు. 2000 నుండి 2009 వరకు అమెరికాలో అన్నిటికంటె మిన్నగా అమ్ముడుపోయినది బీటిల్స్ వారి ‘1’. ఎన్‌సింక్ వారిది రెండవది. 2000 నవంబరులో ‘1’ వెలువడునాటికి ఆ బృందము విడిపోయి ముప్పది ఏండ్లైనది. అందులోని 27 పాటలును 1962 మొదలు 1970 వరకు విడివిడి డిస్కులుగా అమ్ముడుపోయి, బ్రిటన్‌లోనో అమెరికాలోనో మొదటి స్థానము పొందినవే.