హెడర్ ఎక్కడ పెడతారు?

టెర్మినల్ తెరిచి ఉంది. మీ ముందున్నది ఉబుంటు 22.04 నడిచే ల్యాప్‌టాప్. రేపు ఊళ్లో నాన్నగారి చేతికి వెళ్తుంది. ఆన్ చేసిన ప్రతిసారీ అంత పొడుగు పాస్‌ఫ్రేజ్ కొట్టడం ఆయన వల్ల అయ్యే పని కాదు. అందుకే డిస్క్‌కున్న ఎన్‌క్రిప్షన్‌ను తీసేస్తున్నారు. ఫైళ్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉండాలి.

కూర్చున్న కొమ్మను నరకలేం కాబట్టి పెన్‌డ్రైవ్‌లోని ఉబుంటు 24.04తో బూట్ అయ్యారు. 24.04 ఎందుకంటే, లక్స్2 పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయిన మామూలు డిస్క్‌ను ఉన్నచోటే విప్పే వసతి క్రిప్ట్‌సెటప్ అనే టూల్ 2.5 వెర్షన్‌తో 2022లో వచ్చింది. 22.04లో ఉన్నది 2.4. వెర్షన్ అడగండి. 2.7 అంటోంది. సరే.

బ్యాకప్ ఉందా? హార్డ్‌డిస్క్ బల్ల మీద ఉంటే చాలదు. అందులోంచి రెండు ఫొటోలు తెరిచి చూడండి. తెరుచుకున్నాయా? అయితే ముందుకు.

విభాగాల జాబితాలో మూడో దాని పక్కన 'క్రిప్టో లక్స్' అని కనిపిస్తోంది. అదే మనది. రీఎన్‌క్రిప్ట్, డీక్రిప్ట్ అని కొట్టారు. ఇక హెడర్ ఫైలు ఎక్కడ పెట్టాలో చెప్పాలి. చెయ్యి ఇక్కడ ఆగాలి.

డిస్క్ విప్పే తాళంచెవి ఉండేది హెడర్‌లోనే. సాధారణంగా అది విభాగం మొదట్లో 16 ఎంబీ చోటు తీసుకుంటుంది. ఇప్పుడు డేటా ముందుకు జరిగి ఆ చోటును ఆక్రమిస్తుంది. పని పూర్తయ్యేదాకా హెడర్ వేరే ఎక్కడో బతకాలి. హోమ్ ఫోల్డర్‌లో పెట్టేద్దామా? వద్దు! పెన్‌డ్రైవ్‌తో నడిచే ఈ లైవ్ సెషన్‌లో హోమ్ అంటే ర్యామ్. మెషీన్ ఆగితే హెడర్ మాయం, సగం విప్పిన డిస్క్ మిగులు. రెండో పెన్‌డ్రైవ్ గుచ్చండి. ఫైలు దారి దానిమీదికి ఇవ్వండి.

ఛార్జర్ పెట్టారు. స్లీప్ ఆపేశారు. పాస్‌ఫ్రేజ్ కొట్టి ఎంటర్.

ఒక శాతం. రెండు. ఫ్యాన్ గట్టిగా తిరుగుతోంది, అరచేతి కింద కీబోర్డు వెచ్చబడుతోంది. 500 జీబీ డిస్క్ కదా, గంట పట్టినా పడుతుంది.

61 శాతం. గదిలో లైటు ఆరింది. కరెంటు పోయింది.

స్క్రీన్ వెలుగుతూనే ఉంది. బ్యాటరీ 22 శాతం. మిగిలిన పనికి చాలుతుందా? తెలీదు. పవర్ బటన్ జోలికి పోకండి. పెన్‌డ్రైవ్‌లు తాకకండి. కంట్రోల్, సీ. ఒక్కసారే. ఆగండి. చేతిలో ఉన్న ముక్క రాసేసి, ఎక్కడిదాకా వచ్చిందో హెడర్‌లో గుర్తు పెట్టుకుని, అదే ఆగింది.

ఊపిరి పీల్చుకోండి. కరెంటు వచ్చాక అదే హెడర్ ఫైలు చూపించి, రెజ్యూమ్ ఓన్లీ అని చెప్పండి. 61 నుంచే మొదలవుతుంది. ఆ ఫైలు ర్యామ్‌లో ఉండి, బ్యాటరీ కూడా అయిపోయి ఉంటే? ఆ మాట వద్దు.

నూరు శాతం. వెంటనే రీబూట్ చెయ్యాలనిపిస్తుంది. చెయ్యకండి. పాత సిస్టమ్ ఇంకా తాళం ఉందనే అనుకుంటోంది. లేని లక్స్ విభాగం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. రూట్‌ను మౌంట్ చేసి, బూట్ విభాగాన్నీ దాని చోట మౌంట్ చేసి, సీహెచ్‌రూట్‌తో లోపలికి వెళ్లండి. బూట్‌ను మరిచిపోతే మార్పు వేరే చోట పడుతుంది, ఎవరికీ కనబడదు. క్రిప్ట్‌ట్యాబ్‌లో ఈ విభాగానికి సంబంధించిన ఒక్క లైను తీసెయ్యండి. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను అప్‌డేట్ చెయ్యండి. ఇప్పుడు రీబూట్.

పాస్‌ఫ్రేజ్ అడగలేదు. నేరుగా లాగిన్ తెర వచ్చింది.

నాన్నగారికి ఇచ్చే ముందు ఒక మాట చెప్పండి. నిన్నటిదాకా ఈ ల్యాప్‌టాప్ అమ్మాలంటే హెడర్‌లోని తాళంచెవులు చెరిపేస్తే క్షణాల్లో పని అయ్యేది. ఇకమీదట డిస్క్ మొత్తం తుడిచాకే అమ్మాలి.