బదులు చెప్పు తాళపుచెవి

తాళపుచెవి యనగానే పళ్ళుగల లోహపు ముక్క మనకు గుర్తుకు వచ్చును. ఆకురాయి పట్ట నేర్చినవానికి అట్టిదానికి మారుచెవి చేయుట పెద్ద పని కాదు. కార్లకు ఈ కాపుదల చాలదని గ్రహించి, 1986లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ తన కార్వెట్ కారు చెవిలో చిన్న విద్యున్నిరోధకమును పొదిగినది. కారు ఆ నిరోధమును కొలిచి, సరిపోయిననే ఇంజనును నడువనిచ్చును. ఉపాయము చక్కనిదే గాని, వాడిన విలువలు 15 మాత్రమే! ఓమ్‌మీటరు చేతనున్నవానికి ఇదేమి రహస్యము?

తరువాత వచ్చినది ట్రాన్స్‌పాండర్. దీని మూలము రెండవ ప్రపంచయుద్ధమున నున్నది. రాడారునకు చిక్కిన విమానము తమదో, శత్రువుదో తెలియుటకై, ప్రశ్నకు బదులు పంపు రేడియో పరికరములను ఆనాడు విమానములలో నమర్చిరి. ఆ తలంపే ఇప్పుడు తాళపుచెవి పిడిలో ఇమిడినది. అందు బ్యాటరీ లేదు. తాళము చుట్టునున్న తీగచుట్ట, ఒక రకము పరికరములలో, సెకనుకు సుమారు 1,34,000 పర్యాయములు మారు అయస్కాంతక్షేత్రమును కలిగించును. దానివలన చెవిలోని తీగచుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణయే ఇది. ఆ కొద్దిపాటి శక్తితో చెవి తన సంకేతమును పలుకును.

ఫోర్డు సంస్థ 1990ల దశకము నుండి ఇట్టి చెవులను వాడసాగినది. అటుపిమ్మట వచ్చిన పెక్కు ఫోర్డు కార్లకు యజమాని ఇంటివద్దనే మూడవ చెవిని నేర్పుకొనవచ్చును. కొత్తదాని పళ్ళను ముందుగా దుకాణమున కోయించుకొనవలెను. పిదప కారు ఎరిగిన మొదటి చెవిని తాళమున పెట్టి 'ఆన్'కు త్రిప్పి, కొన్ని సెకనులు ఉంచి తీయవలెను. వెంటనే రెండవదానితో అట్లే చేసి, జాగు చేయక కొత్తదానిని పెట్టి త్రిప్పిన, కారు దాని సంకేతమును జ్ఞాపకమున వ్రాసికొనును. ఇట్లు ఎనిమిది చెవులవరకు చేర్చవచ్చును.

రెండు చెవులేల, ఒకటి చాలదా? కారు కడుగువానికో, హోటలు వాకిట బండి నిలుపువానికో మనమిచ్చునది ఒక్క చెవియే. ఒక్కటి చాలునన్నచో అతడు సాయంకాలమునకు తనకొకటి చేసికొనగలడు. రెండును చేతనుండుటయే యజమాని గుర్తని ఇంజనీర్లు ఎంచిరి. పాపము, ఒకదానిని పోగొట్టుకొన్న నిజమైన యజమానికిని ఇదే కట్టుబాటు! అతడు పనివాని యంత్రమును ఆశ్రయింపక తప్పదు. కావున మారుచెవిని నేర్పవలసినది రెండును ఉన్నప్పుడే.

సంకేతములు మార్చుకొను పద్ధతిని రహస్యముగా నుంచుట మరియొక కాపుదల యని తయారీదారులు తలచిరి. పద్ధతి శత్రువునకు తెలిసినను హాని రాకూడదని, సైనిక సంకేతములనుగూర్చి కెర్కాఫ్స్ 1883లోనే వ్రాసియుండెను. ఒక ప్రసిద్ధ ట్రాన్స్‌పాండరులోని రహస్యసంఖ్య 40 బిట్లది. అనగా సుమారు 1,10,000 కోట్ల సంఖ్యలలో నొకటి. 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ, ఆర్.ఎస్.ఏ. ప్రయోగశాలల పరిశోధకులు ఆ పద్ధతిని ఊహించి విప్పి, 16 ఎలక్ట్రానిక్ చిప్పులను ఒక్కసారిగా పనిచేయించి, రహస్యసంఖ్యను గంటలోపల కనుగొనిరి. చెవికి బదులు తమ పరికరమే జవాబు చెప్పగా ఫోర్డు కారు కదలినది. అయినను తాళమును త్రిప్పుటకు మాత్రము పళ్ళుగల ఆ పాత లోహపు ముక్కయే కావలసివచ్చెను.