అధ్యాపక ఇంటర్వ్యూ: సరిహద్దు అభ్యర్థులు గమనించవలసినవి

నాందేడ్‌లోని స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం 1994 సెప్టెంబరు 17న ఏర్పడింది. నాందేడ్, లాతూర్, పర్భణీ, హింగోలీ జిల్లాలు దీని పరిధిలోనివి. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ ప్రాంతాల తెలుగు అభ్యర్థులు ఇక్కడి అధ్యాపక పదవులకు దరఖాస్తు చేయదలచినచో ముందుగా అర్హతను సరిచూసుకొనవలెను.

అర్హత: యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సహాయ ఆచార్య పదవికి పీజీలో 55 శాతం మార్కులు అవసరం. రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు ఉన్నది. 2023 సవరణ నెట్ లేదా సెట్‌ను కనీసార్హతగా పేర్కొన్నది.

సెట్ చెల్లుబాటు: సెట్ ఆయా రాష్ట్రానికే పరిమితం. ఉస్మానియా నిర్వహించే తెలంగాణ సెట్ నాందేడ్‌లో చెల్లదు. పుణె విశ్వవిద్యాలయం నిర్వహించే మహారాష్ట్ర సెట్ నిజామాబాద్‌లో చెల్లదు. నెట్ దేశమంతటా చెల్లుతుంది. కనుక ఇరువైపులా ఉద్యోగం కోరువారికి నెట్ మేలు.

పత్రాలు: మహారాష్ట్రలో రిజర్వేషను కోరువారు కుల ధ్రువపత్రంతో పాటు క్యాస్ట్ వ్యాలిడిటీ పత్రమును సిద్ధపరచుకొనవలెను. దీనికి కాలం పడుతుంది. ప్రకటన వెలువడేవరకు ఆగరాదు.

ఇంటర్వ్యూ: ఎంపిక సంఘానికి ఉపకులపతి అధ్యక్షులు, విషయ నిపుణులు, శాఖాధిపతి సభ్యులు. పాఠం చెప్పి చూపమని అడుగవచ్చును. పది నిమిషాల పాఠమొకటి, పరిశోధన సారాంశమొకటి మరాఠీ, ఇంగ్లీషులలో బిగ్గరగా అభ్యసించుట మంచిది. తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పుటే గౌరవం.