యొత్సుయా ప్రేతకథ: రంగస్థలమునుండి చలనచిత్రమునకు

జపానుదేశపు భయానక చలనచిత్రములలోఁ బ్రేతము నిష్కారణముగాఁ గనఁబడుట యరుదు. బ్రదికియుండఁగా న్యాయము దొరకనివారు, వారిలోను ముఖ్యముగా స్త్రీలు, మరణానంతరము వచ్చి తమ పగ తీర్చుకొందురు. ఈ సంప్రదాయము చలనచిత్రమునకుఁ బూర్వమే కబుకి నాటకరంగమునందుఁ బెంపొందినది. యొత్సుయా ప్రేతకథ యను నాటకము దీనికిఁ జక్కని తార్కాణము.

ఈ నాటకమును నాల్గవ త్సురుయా నంబోకు రచించెను. 1825వ సంవత్సరమున ఎదో నగరమునందు, అనఁగా నేఁటి తోక్యోలో, నకమురా నాటకశాలయం దిది తొలిసారి యాడఁబడెను. ప్రభువు మరణమునకుఁ బగ తీర్చిన నలువదియేడుగురు వీరుల కథ యగు చూషింగురాతోఁ గలిపి, రెండు దినములలో, ఆ నాటకభాగములును ఈ నాటకాంకములును మార్చి మార్చి ప్రదర్శించిరి. ఈ కూర్పునకుఁ గారణము కలదు. యొత్సుయాకథలోని ఇయెమొన్ ఆ ప్రభువు కొలువునకుఁ జెందినవాఁడే. కొలువు పోయిన పిమ్మట నతఁడు స్వామికార్యమును విడిచి, శత్రుపక్షమువారి యింటి కల్లుఁడగుటకు సిద్ధపడెను. ఒక కథలో స్వామిభక్తి కీర్తింపఁబడుచుండఁగా, రెండవ కథలో నదే కొలువువాని కృతఘ్నత బయటపడుచుండెను.

పొరుగువారగు ఇతోకుటుంబమువారు తమ మనుమరాలిని ఇయెమొన్‌కుఁ గట్టఁబెట్టఁగోరి, ప్రసవించి నీరసించియున్న యతని భార్య ఒయివాకు మందని చెప్పి విషము పంపిరి. ఆమె ముఖము వికృతమయ్యెను. జరిగిన మోసము తెలిసికొని, పొరుగింటికిఁ బోయి యడుగ నెంచి, ఆమె తల్లి యిచ్చిన దువ్వెనతోఁ దల దువ్వుకొనును. వెండ్రుకలు కుచ్చులు కుచ్చులుగా రాలును. ఈ దృశ్యమును జూచువారికి భయముకంటె ముందు జాలి కలుగును. ఆమె మరణించిన పిదప నామె శవమును, హతుఁడైన నౌకరు కొహెయి శవమును ఒకే తలుపునకు రెండువైపుల మేకులతో బిగించి యేటిలో విడుతురు. ఇయెమొన్ చేఁపలు పట్టుచుండఁగా నా తలుపు కొట్టుకొనివచ్చును. ఒకవైపున ఒయివా, త్రిప్పినచోఁ గొహెయి. తొలి ప్రదర్శనమున నీ రెండు పాత్రలను మూఁడవ ఒనొయె కికుగొరో యొక్కఁడే ధరించెను. తలుపునకు వస్త్రములను ముందే తగిలించి, రంధ్రముగుండ నటుఁడు తల దూర్చుటయే యిందలి రహస్యము.

చలనచిత్రకారు లీ కథను బలుమారులు తీసిరి. 1949లో కెయిసుకె కినోషిత రెండు భాగములుగాఁ దీసిన చిత్రమునఁ బ్రేతము ఇయెమొన్ మనస్సులోని పాపభీతియే యయ్యెను. 1959లో నొబువో నకగవ ప్రేతమునకు రంగస్థలమునందలి రూపమును మరల నొసఁగి, వర్ణచిత్రముగాఁ దీసెను. నాటకమున విషము పంపినవారు పొరుగువారు. ఈ చిత్రమున దానిని భార్య కిచ్చినవాఁడు ఇయెమొనే. నేర మింటిలోనికే వచ్చినది. చూషింగురాతోడి జత మాత్రము విడిపోయినది. దానివలన స్వామిభక్తిని గూర్చిన ప్రశ్న సన్నగిల్లి, భార్యాభర్తల కథ మాత్రమే నిలిచెను. తుదకు ఒయివా వికారము తొలఁగిన ముఖముతో శిశువు నెత్తుకొని కనఁబడును. పగ తీరినది గావున భయమునకు స్థానము లేదు.

1998లో హిదెయొ నకత తీసిన రింగ్ చిత్రమున, ముఖముపై జుట్టు విరబోసికొని బావినుండి వెడలు స్త్రీ యీ ప్రాచీనప్రేతములను దలఁపునకుఁ దెచ్చును. కాని యామె పగ నేరస్థుని విడిచి, ఒక దృశ్యమును జూచిన ప్రతివానిని బట్టుకొనును. భయము పెరిగినది, న్యాయము మాత్రము దారి తప్పినది.

యొత్సుయాలో ఒయివా పేర పూజాస్థానము కలదు. ఈ నాటక మాడఁబూనిన నటులు ముందుగా నచ్చటికిఁ బోయి మ్రొక్కుట యాచారము. రెండువందల యేండ్ల క్రిందట రంగమెక్కిన యా స్త్రీకి జరిగిన యన్యాయమును మఱవరాదను భావ మా మ్రొక్కులో నేఁటికిని నిలిచియున్నది.