మచ్చ అన్న ఒక్క మాట

కిందటి ఏడు వేసవిలో ఒక సాయంత్రం, ఒకప్పుడు నా దగ్గర చదువుకొన్న అమ్మాయి తన కూతురిని వెంటబెట్టుకొని నాచారంలోని మా ఇంటికి వచ్చింది. పిల్లకు ఇరవై రెండేళ్లు. చామనచాయ, కళగల ముఖం. మొటిమలు తగ్గినా బుగ్గలపై గుంటలు మిగిలాయి. సంబంధాలు చూస్తున్నామని తల్లి తొందరపడి ఒకచోట లేజరు చికిత్స చేయించింది. గుంటలు కొద్దిగా పూడాయి గాని, బుగ్గల నిండా ముదురు గోధుమవన్నె మరకలు దిగాయి.

"మచ్చలు పోతాయంటే వెళ్లాం సార్, కొత్త మచ్చలు తెచ్చుకున్నాం" అన్నది తల్లి. పిల్ల తలెత్తలేదు.

నేను వైద్యుణ్ణి కాను; జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. అందుచేత నన్ను ముందు పట్టుకొన్నది ఆ మాటే. మనం గుంటనూ మచ్చ అంటాం, మరకనూ మచ్చ అంటాం. వైద్యశాస్త్రానికి ఇవి వేర్వేరు. మొటిమ వాపు చర్మం లోపలి కొల్లాజెన్ పీచును హరిస్తే గుంట పడుతుంది. ఆ వాపునకు రంగుకణాలు రేగి మెలనిన్‌ను అధికంగా పోస్తే మరక ఏర్పడుతుంది. మరక నెలల తరబడి ఓర్చుకొంటే చాలావరకు తానే వెలిసిపోతుంది. గుంట తానుగా పూడదు. మరకకు వాడే పూతమందు గుంటను పూడ్చదు. గుంటకు చేసే చికిత్స మోతాదు మించితే మరకను పుట్టిస్తుంది. చాయ ముదిరిన కొద్దీ ఈ రెండవ ప్రమాదం పెరుగుతుంది.

ఈ చికిత్సల చరిత్ర పాతదే. మా పెద్దల తరానికి ముఖంపై గుంటలంటే మశూచియే. మన దేశంలో అది 1975లో అంతమైంది. ముఖపు గుంటలను చదును చేయడానికి పనికివచ్చిన పద్ధతులలో ఒకటి, తిరుగుడు పరికరంతో చర్మాన్ని అరగదీయడం. జర్మనీ వైద్యుడు క్రొమాయర్ 1905లోనే దానిని వివరించాడు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1964లో కార్బన్ డయాక్సైడ్ లేజరును కనుగొన్నవాడు మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. ఆ కిరణం చర్మంలోని నీటిని ఆవిరి చేస్తుంది. ఆ వేడికే రంగుకణాలు రేగుతాయి. చర్మమంతటినీ కాల్చక, నడుమ నడుమ ఆరోగ్యవంతమైన చర్మాన్ని విడిచి చుక్కలు చుక్కలుగా కాల్చే ఉపాయం 2004లో వెలువడింది. ప్రమాదం తగ్గింది గాని తొలగిపోలేదు.

ఇక కొలబద్ద సంగతి. హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో, ఎండకు కమిలే తీరునుబట్టి చర్మానికి తరగతులు కట్టాడు. మొదట ఉన్నవి తెల్లచర్మానికి నాలుగు మెట్లే. గోధుమ, నలుపు చర్మాలకు 5, 6 మెట్లు తరువాత చేర్చారు. మనలో అధికసంఖ్యాకులు 4, 5 మెట్లలోని వారు. నిచ్చెన మనకోసం కట్టినది కాదు. మనం తరువాత ఎక్కినవాళ్లం.

మా ఇంటికి దగ్గరలో, ఉప్పల్ రోడ్డుమీద సిసిఎంబి ఉన్నది. అక్కడి శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, ఇతర దేశాల పరిశోధకులు కలిసి 2013లో ఒక వ్యాసం ప్రకటించారు. మనలో చాయాభేదాలకు కారణమైన జన్యువులలో ఒకదానిలోని లేతచాయ రూపం, ఐరోపావారి లేతచాయ రూపం ఒకే మూలం నుండి వచ్చాయని తేల్చారు. కనుక చాయ రోగం కాదు, వంశకథ. ఒకే ఇంట తల్లి చాయ వేరు, కూతురి చాయ వేరు కావచ్చు. ఒకరికి సరిపడిన మోతాదు మరొకరికి సరిపడాలని లేదు.

వేడి లేని మార్గాలు కూడా క్రమంగా వచ్చాయి. గుంటను కిందికి లాగే పీచును సూదితో తెంచే పద్ధతిని 1995లో ఓరెంట్రైక్ తండ్రీకొడుకులు వివరించారు. 1997లో కెనడా వైద్యులు పచ్చబొట్టు యంత్రాన్ని రంగు లేకుండా వాడి, సూదిపోట్లతోనే చర్మం తిరిగి అల్లుకొంటుందని చూపారు. 2002లో కొరియా వైద్యులు సన్నని లోతైన గుంటలలో మాత్రమే గాఢమైన ఆమ్లపు చుక్కను ఉంచే విధానం ప్రకటించారు. అలలవంటి గుంటకు ఒకటి, సూదిబెజ్జంవంటి గుంటకు మరొకటి. ఏ గుంటకు ఏ పద్ధతి అన్నది చూసి చెప్పవలసినవాడు చర్మవైద్యుడే.

వెళ్లేవారు అడగవలసినది "ఏ యంత్రం ఉన్నది?" అని కాదు. "నాది గుంటా, మరకా? నా వంటి చాయకు మీరు ఎందరికి చేశారు? ముందు చిన్నచోట పరీక్షించి చూస్తారా?" అని. కొత్త మొటిమలు ఆగకముందే గుంటల జోలికి పోరాదు. గాయం ఉబ్బెత్తుగా మానే స్వభావం ఉంటే ముందే చెప్పాలి. ఎండ తగలకుండా కాచుకోవాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్ పూతలు కొనరాదు. వాటితోనే మొటిమలు రావచ్చు, చర్మం పలచబడవచ్చు. కేంద్రం 2018లో పలు స్టెరాయిడ్ పూతలను చీటీ ఉంటేనే అమ్మే పట్టికలో చేర్చింది.

ఆ తల్లీకూతుళ్లను నేనెరిగిన చర్మవైద్యురాలి వద్దకు పంపాను. ఆమె ఆరు నెలలు గుంటలను ముట్టుకోనేలేదు, మరకలు వెలియనిచ్చింది. తరువాత దవడ పక్కన కొద్దిచోట సూదులతో మొదలుపెట్టింది. గుంటలు ఇంకా ఉన్నాయి. సగం పూడితే చాలునని ఆమె ముందే చెప్పిందట. మొన్న సంక్రాంతికి వచ్చిన పిల్ల నా ముఖంలోకి చూస్తూ, "తాతయ్యా, సంబంధాలు ఇంకో ఏడాది ఆపమన్నాను. ఉద్యోగంలో చేరుతున్నా" అన్నది. తల్లి ఏమీ అనలేదు.