నూరు డిగ్రీల నీళ్ళు

అధ్యయన తరగతుల్లో గతితర్కం బోధించే ప్రతివారూ ఏదో ఒక రోజున నీళ్ళు కాచక తప్పదు. నీటిని వేడిచేస్తూ పోతే నూరు డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది; చల్లబరుస్తూ పోతే సున్న డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కనుక పరిమాణంలో వచ్చే మార్పు ఒక హద్దు దాటగానే గుణాత్మకమైన మార్పు అవుతుందని చెప్పి పాఠం ముగిస్తారు. బడిలో సైన్సు మాష్టారు చెప్పేదీ ఇంచుమించు ఇదే. పదార్థానికి మూడు స్థితులు: ఘనానికి ఆకారం వుంది, ద్రవానికి ఘనపరిమాణమే గాని ఆకారం లేదు, వాయువుకు రెండూ లేవు. ఉభయత్రా విద్యార్థి చేసేది కంఠస్థమే.

ఉదాహరణలో తప్పు లేదు. దాన్ని చరిత్రనుంచి ఊడబెరికి వాడటంలో తప్పు వుంది. నీరు మంచుగా, ఆవిరిగా మారుతుందని మనిషికి అనాదిగా తెలుసు. ఆ మార్పులో జరిగేదేమిటో మాత్రం పద్ధెనిమిదో శతాబ్దం దాకా తెలియదు. తెలియవలసిన అవసరం ఎక్కడ, ఎందుకు వచ్చిందన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు జోసెఫ్ బ్లాక్ ఒక మామూలు విషయం పట్టుకున్నాడు. కరిగే వేడి దాకా వచ్చిన మంచుకు మరి కొంచెం వేడి చాలునన్న ఆనాటి నమ్మకమే నిజమైతే, చలికాలం పోగానే కొండలమీది మంచంతా ఒక్కసారిగా కరిగి ఊళ్ళను ముంచెత్తాలి. అలా జరగడం లేదు. వారాల తరబడి నెమ్మదిగా కరుగుతున్నది. కరిగేటప్పుడు మంచు ఎంతో వేడిని లోపలికి తీసుకుంటున్నది, కాని థర్మామీటరులో పాదరసం కదలడంలేదు. ఈ దాగిన వేడికే గుప్తోష్ణమని పేరు. 1762లో బ్లాక్ దీన్ని తన సహోద్యోగుల ముందు వివరించాడు. నేటి లెక్క ప్రకారం ఒక గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీలు కావాలి. నూరు డిగ్రీల దగ్గరున్న గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 540 కెలోరీలు కావాలి. సున్ననుంచి నూరుదాకా వేడెక్కించడానికి పట్టేదానికి ఇది అయిదింతలకు పైమాటే.

ఈ సంగతిలో కొంత పనివారికి ముందే అనుభవంలో వుంది. స్కాట్లండు సారాబట్టీల్లో పనిచేసేవాడికి, మంట నిలకడగా వుంటే గంటకు ఎంత సరుకు దిగుతుందో కచ్చితంగా చెప్పడం వచ్చు. అటువంటి పనివాడి మాటను బ్లాక్ సాక్ష్యంగా తీసుకున్నాడు. మనదేశంలో మట్టికుండ చేసిన కుమ్మరికీ, అందులో నీళ్ళు పోసి ఇసుకమీద నిలిపిన ఇల్లాలికీ ఇదే ధర్మం అనుభవంలో వుంది. కుండ గోడలనుంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాక్కుపోతుంది. అనుభవం వారిది, దానికి కొలత చేర్చడం బ్లాక్ చేసిన పని.

ఆ విశ్వవిద్యాలయంలోనే జేమ్స్ వాట్ శాస్త్ర పరికరాలు చేసే పనివాడు. 1763-64లో ఒక న్యూకమెన్ యంత్రపు నమూనా అతని చేతికి మరమ్మతుకు వచ్చింది. గనుల్లో నీరు తోడటానికి 1712నుంచి వాడుకలో వున్న ఆ యంత్రం విపరీతంగా బొగ్గు తినేది. కొద్దిపాటి ఆవిరి తన బరువుకు ఆరింతల నీటిని మరిగే దాకా వేడెక్కించగలగడం చూసి వాట్ ఆశ్చర్యపోయాడు. కారణం బ్లాక్ చెప్పాడు. 1765లో ఆవిరిని వేరే పాత్రలో చల్లార్చే ఉపాయం వాట్‌కు తట్టింది. అది బ్లాక్ సిద్ధాంతంనుంచి పుట్టలేదని తరువాత వాట్ పట్టుబట్టి చెప్పాడు. సిద్ధాంతం ముందా, పని ముందా అన్న తగవు అప్పుడే మొదలయిందన్నమాట. ఒకటిమాత్రం నిర్వివాదం. 1769లో వచ్చిన పేటెంటును పార్లమెంటు 1800 దాకా పొడిగించింది. మిగిలిన బొగ్గు ఖరీదులో మూడోవంతు కార్న్‌వాల్ గనుల యజమానులు వాట్‌కూ అతని భాగస్వామికీ చెల్లించవలసివచ్చింది. జ్ఞానం పదిమంది పనిలో పుట్టింది. హక్కు ఇద్దరి ఆస్తి అయింది.

ఇక నూరు డిగ్రీల సంగతి. లేహ్ పట్నంలో నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది. ప్రెషర్ కుక్కరులో 120 దాకా మరగదు. నూరు అన్నది నీటి స్వభావం ఒక్కటే కాదు, నీటికీ దానిమీది పీడనానికీ వున్న సంబంధం. 1878లో పుస్తకంగా వచ్చిన ‘యాంటీ డ్యూరింగ్’లో ఎంగెల్సు ఈ ఉదాహరణ ఇచ్చినప్పుడు, మామూలు వాతావరణ పీడనంలో అన్న షరతును మరువలేదు. ఆ షరతును జారవిడిచింది మనమే. షరతు పోయిన సూత్రం మంత్రమవుతుంది.

చరిత్ర ఇంకొక అడుగు ముందుకు వేసింది. కమ్మరి కొడుకు, పుస్తకాల బైండరు దగ్గర పని నేర్చిన మైకేల్ ఫారడే 1823లో క్లోరిన్ వాయువును ద్రవంగా మార్చాడు. కాని 1845 నాటికి కూడా ఆక్సిజన్, హైడ్రొజన్, నైట్రొజన్ వంటివి ఆరు లొంగలేదు. వాటికి ‘శాశ్వత వాయువులు’ అని పేరుపడింది. 1869లో బెల్‌ఫాస్టులో థామస్ ఆండ్రూస్ చిక్కు విప్పాడు. బొగ్గుపులుసు వాయువును 31 డిగ్రీలకు పైన ఎంత నొక్కినా ద్రవం కాదు. ఆ హద్దుకు పైకి వేడిచేసి, నొక్కి, తరువాత చల్లారిస్తే ఎక్కడా గీత కనబడకుండానే వాయువు ద్రవమైపోతుంది. అంటే గంతు తప్పనిసరి కాదు. ఏ దారిన పోతామన్నదాన్ని బట్టి వుంటుంది.

1877 డిసెంబరులో ఇనుప కార్ఖానా నడిపే కైయెతే ఫ్రాన్సులోనూ, పిక్తే జెనీవాలోనూ ఆక్సిజన్‌ను లొంగదీశారు. 1898లో డ్యూవర్ హైడ్రొజన్‌ను, 1908 జులై 10న లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ హీలియంను సున్నకు దిగువన 269 డిగ్రీల దగ్గర ద్రవంగా చేశారు. ‘శాశ్వతం’ అన్న పేరు ప్రకృతి పెట్టింది కాదు. ఆనాటి మనుషులకు సాధ్యమైన చల్లదనం పెట్టింది.

‘మూడు’ అన్న అంకె కూడా నిలవలేదు. అత్యధికమైన వేడిలో పరమాణువులు విద్యుత్కణాలుగా చీలడాన్ని 1920లో మేఘనాథ్ సాహా లెక్కగట్టాడు. అట్లా చీలిన పదార్థాన్ని నాలుగో స్థితిగా లెక్కిస్తున్నారు. 1924లో ఢాకానుంచి సత్యేంద్రనాథ్ బోసు పంపిన వ్యాసంతో మొదలైన ఆలోచన 1995లో ప్రయోగశాలలో మరొక స్థితిగా రుజువయింది.

మరయితే నీటి ఉదాహరణను విడిచిపెట్టాలా? అక్కరలేదు. థర్మామీటరు కదలనప్పుడే ఎక్కువ వేడి లోపలికి పోతున్నదన్న సంగతినుంచి ఉద్యమాలకు ఒక నీతి పిండుకోవాలని నోరూరుతుంది. కాని మన రాజకీయాలను రుజువు చేసే బాధ్యత నీటికి లేదు. సాటి ఉపాధ్యాయులకు చేసే మనవి చిన్నది. ఈసారి పాఠంలో సూత్రం తరువాత చెప్పండి. ముందు ఒక గిన్నెలో మంచుముక్కలు వేసి, థర్మామీటరు పెట్టి, సన్నని మంటమీద వుంచండి. నిమిషానికొకసారి పిల్లలచేత అంకె రాయించండి. గిన్నెలో మంచు కరిగిపోతున్నా కాగితంమీద అంకె కదలకపోతే, ఎందుకని వారే అడుగుతారు. బ్లాక్ కూడా అక్కడే మొదలుపెట్టాడు.